అండర్‌గ్రౌండ్ హౌస్, డిస్కో విడుదలలు: మూడు వందల కాపీల వెనక లెక్క

సంక్షిప్తంగా

క్లబ్బుల నాట్య సంగీతమైన డిస్కోలో, దాని నుంచి చికాగోలో పుట్టిన హౌస్‌లో అండర్‌గ్రౌండ్‌గా, అంటే పెద్ద కంపెనీల బయట, చెలామణి అయ్యే కొత్త రికార్డులు మొదట డీజేల అవసరం కోసం తయారవుతాయి. మామూలు శ్రోత లెక్కలోకి వచ్చేది ఆ తర్వాతే. పాటలు ఏడెనిమిది నిమిషాలు సాగడం, మూడు వందల కాపీలతో ముద్రణ ఆగిపోవడం, స్ట్రీమింగ్ యాప్‌లలో దొరకకపోవడం, నలభై ఏళ్లనాటి పాట కొత్త విడుదలగా రావడం చాలావరకు ఆ కారణం నుంచి పుట్టినవే. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో పెళ్లి ఊరేగింపుల కోసం తయారయ్యే సినిమా పాటల డీజే మిక్సులు కూడా ఇదే సూత్రం మీద నడుస్తాయి. అనుమతి లేకుండా చేసినప్పుడు చట్టం ముందు రెండింటి స్థితీ ఒకటే.

శ్రోతకు ఎదురయ్యే చిక్కు

2022 జూన్‌లో డ్రేక్, జూలైలో బియాన్సే విడుదల చేసిన ఆల్బమ్‌లు హౌస్ సంగీతాన్ని మామూలు పాప్ శ్రోతల చెవిన వేశాయి. ఆ దారిలో వచ్చి దీని మూలాలను, ఇప్పుడు వస్తున్న కొత్త రికార్డులను వెతికే శ్రోత విజయవాడలో ఉన్నా మరెక్కడ ఉన్నా కొన్ని వింతలను చూస్తాడు. ఈపీ అనే ఒక్కో చిన్న విడుదలలో మూడు నాలుగు ట్రాకులే ఉంటాయి. వాటిలో రెండు ఒకే పాటకు వేర్వేరు రూపాలు. ఒకదానికి ‘డబ్’ (గానం తగ్గించి దరువును ముందుకు తెచ్చిన రూపం) అని, మరొకదానికి ‘ఇన్‌స్ట్రుమెంటల్’ (గానం లేనిది) అని పేరు. పాట మొదలై నిమిషం గడిచినా డ్రమ్ములు తప్ప ఏమీ వినబడదు. కొన్ని రికార్డుల మీద కళాకారుడి పేరే ఉండదు, రికార్డు నడుమ అంటించిన తెల్లటి లేబుల్ మీద ఒక రబ్బరు ముద్ర మాత్రం కనిపిస్తుంది. యాప్‌లో వెతికితే ఉండదు, రికార్డుగా కొందామంటే అప్పటికే అమ్ముడైపోయి ఉంటుంది.

ఇదంతా కావాలని చూపించే బింకమని కొట్టిపారేసేవారు ఉన్నారు. కొంత బింకం ఉన్న మాట నిజమే. అసలు కారణాలు మాత్రం రికార్డు తయారీలోను, దాన్ని వాడే పద్ధతిలోను ఉన్నాయి.

12 అంగుళాల రికార్డు ఎందుకు వచ్చింది

1970ల మొదట్లో న్యూయార్క్ డిస్కోలలో వాడిన పాటలు ఎక్కువగా 7 అంగుళాల సింగిల్స్. మూడు నిమిషాలకు పాట అయిపోయేది. నాట్యం ఊపందుకునే సమయానికి డీజే తర్వాతి పాట కోసం తడుముకోవలసి వచ్చేది. టామ్ మోల్టన్ అనే మిక్సర్ పాటలను పొడిగించి, మధ్యలో గానం తీసేసి డ్రమ్ములు, బేస్ మాత్రమే మిగిలే భాగాలను పెట్టడం మొదలుపెట్టాడు. ఒకసారి స్టూడియోలో 7 అంగుళాల ఖాళీ పళ్లేలు అయిపోవడంతో, పరీక్ష కాపీని పెద్ద పళ్లెం మీద గీయవలసి వచ్చింది. చోటు ఎక్కువైతే సూది నడిచే గాళ్లను ఎడంగా గీయవచ్చు, ఎడంగా గీస్తే బేస్ గట్టిగా పలుకుతుంది. యాదృచ్ఛికంగా తెలిసిన ఈ సంగతే 12 అంగుళాల సింగిల్‌కు దారితీసింది. 1976లో సాల్సోల్ సంస్థ, వాల్టర్ గిబన్స్ అనే డీజే చేసిన మిక్సును ఈ పరిమాణంలో బహిరంగ మార్కెట్‌లోకి తెచ్చింది.

ఇక్కడ గమనించవలసింది కొనుగోలుదారు మారడం. మూడు నిమిషాల సింగిల్ రేడియో కోసం, ఇంట్లో వినేవారి కోసం పుట్టింది. 12 అంగుళాల సింగిల్ క్లబ్బులో రెండు టర్న్‌టేబుళ్ల మధ్య నిలబడినవాడి కోసం వచ్చింది. నిమిషానికి 122 బీట్ల వేగంతో సాగే ఒక ట్రాకులో 32 బార్ల (బార్‌కు నాలుగు బీట్లు) డ్రమ్ములు అంటే 128 బీట్లు, అంటే దాదాపు ఒక నిమిషం. ఆ నిమిషంలోనే డీజే ముందు పాట వేగానికి కొత్త పాటను సరిచూసుకుని, రెండింటి కిక్ డ్రమ్ము దెబ్బలను ఒకదాని మీద ఒకటి పడేలా కూర్చి, పాత పాటలోని బేస్‌ను తగ్గించి కొత్తదాన్ని పైకి తెస్తాడు. ఇంట్లో చెవికి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేవారికి అది వృథా నిమిషం. డీజేకు అదే చేతికి దొరికే పట్టు. డబ్, ఇన్‌స్ట్రుమెంటల్, గొంతు మాత్రమే ఉండే అకపెల్లా రూపాలు కూడా ఇందుకే ఒకే రికార్డు మీద ఉంటాయి.

చికాగోలో కొత్త సరుకు ఆగిపోయినప్పుడు

1979 జూలై 12న చికాగోలోని కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో, ఒక రేడియో వ్యాఖ్యాత పిలుపు మీద వచ్చిన జనం ముందు డిస్కో రికార్డుల గుట్టను పేల్చివేశారు. జనం మైదానంలోకి దూసుకురావడంతో ఆ రోజు రెండో ఆట జరగలేదు. డిస్కో నల్లజాతి, లాటినో, స్వలింగ సంపర్కుల క్లబ్బుల్లో పెరిగిన సంగీతం కావడం వల్ల, ఆ మంటలో సంగీతాభిరుచిని మించిన ద్వేషం ఉందని తర్వాతి చరిత్రకారులు చాలామంది అభిప్రాయపడ్డారు. మార్కెట్ మీద ప్రభావం వెంటనే కనబడింది. పెద్ద కంపెనీలు డిస్కో విభాగాలను తగ్గించుకున్నాయి, కొత్త రికార్డుల రాక సన్నగిల్లింది.

నాట్యం చేసేవారు మాత్రం ఎక్కడికీ పోలేదు. అదే చికాగోలో 1977 నుంచి వేర్‌హౌస్ అనే క్లబ్బులో వాయిస్తున్న ఫ్రాంకీ నకిల్స్, కొత్త సరుకు లేక పాత డిస్కో పాటలనే రీలు టేపు మీద కోసి, అతికించి, పొడిగించి వాయించసాగాడు. వాటి కింద డ్రమ్ మెషీన్ దరువు జోడించడం తర్వాతి మెట్టు. ఆ దరువు ఉంటే చాలు, పాత పాట లేకున్నా ఫర్వాలేదని కుర్రాళ్లు గ్రహించడం మూడో మెట్టు. 1984లో జెస్సీ సాండర్స్ తెచ్చిన రికార్డును తొలి హౌస్ రికార్డుల్లో ఒకటిగా చెబుతారు.

యంత్రాల ధర కూడా కలిసివచ్చింది. జపాన్‌కు చెందిన రోలాండ్ సంస్థ చేసిన టీఆర్-808, టీఆర్-909 డ్రమ్ మెషీన్లు, టీబీ-303 బేస్ యంత్రం అసలు వాద్యాల్లా పలకకపోవడంతో అంతగా అమ్ముడుపోలేదు. ఉత్పత్తి ఆగిపోయాక అవి సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో చౌకగా దొరికాయి. స్టూడియో అద్దె భరించలేని కుర్రాళ్లు వాటితో పడకగదుల్లోనే ట్రాకులు చేశారు. ఆ రికార్డులు ట్రాక్స్ వంటి చిన్న లేబుళ్ల నుంచి, అంటే రికార్డులు విడుదల చేసే సంస్థల నుంచి వచ్చాయి. ఆ లేబుల్ వాడిన పాత వినైల్ (రికార్డుల ప్లాస్టిక్) నాసిరకం కావడం వల్ల గరగర కూడా రికార్డులో భాగమైపోయింది. ఇవాళ కొందరు నిర్మాతలు కంప్యూటర్‌లో శుభ్రంగా చేసిన ట్రాకుకు కావాలని ఆ గరగరను చేర్చడం ఒక విడ్డూరం.

ఒక కొత్త ఈపీ బయటికి వచ్చే దారి

ఇప్పటి అండర్‌గ్రౌండ్ లేబుల్‌లో చాలాసార్లు ఒకరిద్దరే ఉంటారు. డెట్రాయిట్‌లో థియో ప్యారిష్ నడిపే సౌండ్ సిగ్నేచర్, ఆమ్‌స్టర్‌డామ్‌లో దుకాణం, లేబుల్, పంపిణీ మూడూ చూసుకునే రష్ అవర్, జర్మనీలో గెర్డ్ యాన్సన్ నడిపే రన్నింగ్ బ్యాక్ ఇందుకు తెలిసిన ఉదాహరణలు. ట్రాకు తయారయ్యాక దాన్ని వినైల్‌కు తగినట్టు మాస్టరింగ్ (ధ్వనిని చివరిగా సరిదిద్దడం) చేయించాలి. లోతైన బేస్‌ను రెండు స్పీకర్లకూ సమానంగా పంచకపోతే సూది గాడిలోంచి ఎగిరిపోతుంది. తర్వాత లక్క పూసిన అల్యూమినియం పళ్లెం మీద గాడి గీస్తారు. దాని మీద వెండి పూత వేసి, నికెల్‌తో విద్యుత్ పూత పెంచి అచ్చులు తీస్తారు. ఆ అచ్చుల మధ్య వేడి పీవీసీ ముద్దను నొక్కితే రికార్డు వస్తుంది. మొదట కొన్ని పరీక్ష కాపీలు తీసి లేబుల్‌కు పంపుతారు, అవి బాగున్నాయంటేనే మిగిలినవి అచ్చవుతాయి.

మాస్టరింగ్, గాడి గీయడం, అచ్చు తీయడం వంటి ఖర్చులు 300 కాపీలకైనా 3,000 కాపీలకైనా దాదాపు ఒకటే. అలాంటప్పుడు ఎక్కువ కాపీలు వేస్తే లాభం కదా అన్న ప్రశ్న సహజం. కానీ కొనేవారు ప్రపంచం మొత్తం మీద కొన్ని వందలమంది డీజేలు, సేకర్తలు మాత్రమే. మిగిలిపోయిన ప్రతి పెట్టెకూ గిడ్డంగి అద్దె కట్టాలి. అందువల్ల పెట్టుబడి తిరిగి రాగల కనిష్ఠ సంఖ్య దగ్గర లేబుల్ ఆగిపోతుంది. కొరత చూపి ధర పెంచే ఎత్తుగడ కొన్నిచోట్ల ఉన్నా, ఎక్కువ సందర్భాల్లో అది భయం వల్ల పుట్టిన జాగ్రత్త.

పంపిణీ ఒప్పందాలు విజయవాడ గాంధీనగర్ సినిమా ఆఫీసుల తీరు తెలిసినవారికి కొత్తగా అనిపించవు. ఒక సినిమాను పంపిణీదారు అవుట్‌రైట్‌గా కొనవచ్చు, మినిమం గ్యారంటీ మీద తీసుకోవచ్చు, లేదా అడ్వాన్స్ ఇచ్చి వసూళ్లలోంచి దాన్ని, తన కమీషన్‌ను రాబట్టుకుని మిగిలింది నిర్మాతకు పంపవచ్చు. చిన్న డాన్స్ లేబుళ్లలో చాలావాటికి పంపిణీదారుతో ఉండే ఒప్పందం ఈ మూడో పద్ధతికి దగ్గరగా ఉంటుంది. ముద్రణ ఖర్చును పంపిణీదారే ముందుగా పెడతాడు, రికార్డులు దుకాణాలకు పంపుతాడు, తన ఖర్చు, కమీషన్ మినహాయించుకున్నాక ఏదైనా మిగిలితే లేబుల్‌కు చేరుతుంది. ఏ రికార్డు అచ్చు వేయాలో, ఎన్ని వేయాలో నిర్ణయించే శక్తి దీనివల్ల డబ్బు పెట్టినవాడి వైపు జరుగుతుంది. తేడా ఒక్కటే: సినిమా లెక్క మొదటి వారంలోనే తేలుతుంది, రికార్డు లెక్క తేలడానికి నెలలు పడుతుంది.

ఈ ఆలస్యాలు 2020 తర్వాత మరింత పెరిగాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ కర్మాగారం కాలిపోయింది. గాడి గీయడానికి వాడే లక్క పళ్లేలను ప్రపంచంలో అప్పటికి తయారు చేస్తున్న రెండే సంస్థల్లో అది ఒకటి. రెండోది జపాన్‌లో ఉంది. అదే సంవత్సరం అమెరికాలో వినైల్ అమ్మకాల రాబడి 1986 తర్వాత మొదటిసారి సీడీలను దాటింది. పాప్ తారల ఆల్బమ్‌లు లక్షల కాపీలతో ప్రెస్సుల ముందు వరుస కట్టగా, 300 కాపీల ఈపీ ఆ వరుసలో చివరికి పోయింది. ఏ సంగీతం వల్ల 12 అంగుళాల వినైల్ తయారీ 1990లు, 2000లలో బతికి బట్టకట్టిందో, గిరాకీ తిరిగి వచ్చాక ఆ సంగీతానికే ప్రెస్సులో చోటు కరువైంది.

యాప్‌లో ఎందుకు కనబడదు

వెయ్యిమంది నిండిన హాలులో డీజే ఒక ట్రాకును వాయిస్తే, స్ట్రీమింగ్ లెక్కల్లో అది సున్నా. వంద క్లబ్బుల్లో వాయించినా సున్నాయే. ఈ సంగీతం ఆదరణ పొందే చోటు వేరు, ఆదరణను లెక్కించే చోటు వేరు. పైగా 2024 నుంచి స్పాటిఫై, గడచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినని ట్రాకుకు రాయల్టీ లెక్కగట్టడం మానేసింది. ప్రతి ట్రాకూ ఆ గీత దాటుతుందో లేదో తెలియని లేబుల్‌కు, డిజిటల్ పంపిణీ సంస్థకు రుసుము కట్టి మరీ యాప్‌లో పెట్టడం వల్ల ఒరిగేది తక్కువ.

శ్రోతలు నేరుగా సంగీతం కొనుక్కునే వెబ్‌సైటు బ్యాండ్‌క్యాంప్ ఆ ఖాళీని నింపింది. డిజిటల్ అమ్మకం మీద 15 శాతం, రికార్డుల వంటి వస్తువుల మీద 10 శాతం అది తీసుకుంటుంది. మిగిలిన దానిలోంచి చెల్లింపు రుసుములు పోగా వచ్చేది లేబుల్‌కు లేదా కళాకారుడికి చేరుతుంది. ఒక ఈపీని వందమంది డబ్బిచ్చి కొంటే వచ్చే మొత్తం, అనేక వేల స్ట్రీముల రాబడికి మించిపోతుంది. అయితే ఆ వేదిక కూడా 2022లో ఎపిక్ గేమ్స్ చేతికి, 2023లో సాంగ్‌ట్రేడర్ చేతికి మారింది. రెండోసారి మారినప్పుడు సుమారు సగం మంది ఉద్యోగులు పోయారు. చిన్న లేబుళ్లు ఒకే దుకాణం మీద ఆధారపడితే ఎంత ప్రమాదమో ఆ వార్త చెప్పింది.

విజయవాడ నుంచి కొనేవారికి రికార్డు కంటే ఫైలు తేలిక. యూరప్ నుంచి ఒక్క రికార్డు తెప్పించుకుంటే దాని ధరతో పోటీపడే పోస్టు ఖర్చు, ఆ పైన కస్టమ్స్ సుంకం, పన్ను పడతాయి. ఫైలు కొంటే ధ్వని నాణ్యత తగ్గని వేవ్, ఫ్లాక్ రూపాల్లో వెంటనే వస్తుంది. వీడియో సైట్ల నుంచి దించుకున్న ఎంపీ3కి, దీనికి తేడా ఫోనులో తెలియకపోవచ్చు. ఫంక్షన్ హాలులోని పెద్ద బాక్సుల మీద మాత్రం దించుకున్న ఫైలులో హై హ్యాట్ తాళాల శబ్దం ఇసుక జల్లినట్టు చెదిరిపోవడం స్పష్టంగా వినబడుతుంది. బిట్‌రేట్ తక్కువైనప్పుడు మొదట కత్తిరించబడేది పైస్థాయి శబ్దాలే.

పాత పాట కొత్త విడుదల కావడం

కొత్త డిస్కో విడుదలల్లో పెద్ద భాగం రెండు రకాలు: పునర్ముద్రణలు, ఎడిట్లు. మన దేశానికి సంబంధించి మొదటి రకానికి ప్రసిద్ధ ఉదాహరణ చరణ్‌జిత్ సింగ్. బొంబాయి సినిమా సంగీతంలో పనిచేసిన ఈ వాద్యకారుడు 1982లో టీఆర్-808, టీబీ-303, జూపిటర్-8 యంత్రాలతో పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి ఆల్బమ్ చేశాడు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో ఒక డచ్ సేకర్త దాన్ని మళ్లీ విడుదల చేసినప్పుడు, చికాగోలో 1987లో వచ్చిన యాసిడ్ హౌస్ ధ్వనికి అది ఎంత దగ్గరగా ఉందో విని శ్రోతలు నివ్వెరపోయారు. రెండింటికీ సంబంధం ఉన్నట్టు ఆధారం లేదు. టీబీ-303 అనే ఒకే యంత్రం రెండుచోట్లా ఒకే రకమైన జారుడు ధ్వనికి దారి చూపింది. 1982లోనే కెనడాలో రూపా బిశ్వాస్ పాడిన బెంగాలీ డిస్కో ఆల్బమ్ కూడా దశాబ్దాల పాటు మరుగున ఉండి, 2019లో అమెరికాకు చెందిన న్యూమరో గ్రూప్ ద్వారా మళ్లీ వచ్చింది. 2021లో నయా బీట్ అనే లేబుల్ 1983–1992 మధ్య దక్షిణాసియా డాన్స్ సంగీతాన్ని అనుమతులతో సంకలనం చేసింది.

తెలుగు డిస్కో ఈ పునర్ముద్రణల్లో ఇంకా అంతగా కనబడదు. సరుకు లేక కాదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన సంగీత దర్శకుడు చక్రవర్తి 1980ల తెలుగు సినిమాకు డిస్కో దరువును విరివిగా వాడాడు. తెనాలి దగ్గరి బుర్రిపాలెం నుంచి వచ్చిన కృష్ణ 1986లో తీసిన సింహాసనం ద్వారా బప్పీ లాహిరి తెలుగులోకి అడుగుపెట్టాడు. కొరత ఉన్నది మాస్టర్ టేపుల విషయంలో, వాటి యాజమాన్యం తేల్చడంలో. నిర్మాత ఆడియో హక్కును రికార్డు కంపెనీకి ఇవ్వడం, అది చేతులు మారడం, కాగితాలు పోవడం వల్ల ఎవరి సంతకం కావాలో కనుక్కోవడమే లైసెన్సు ఫీజు కంటే ఖరీదైన పని అవుతుంది.

రెండో రకమైన ఎడిట్‌లో పాత రికార్డింగునే తీసుకుని, గానం తగ్గించి, డ్రమ్ముల భాగాన్ని పొడిగించి, కింద గట్టి కిక్ వేస్తారు. అనుమతి తీసుకోనివే తెల్ల లేబుల్‌తో, పేరు లేకుండా, కొద్ది కాపీలుగా వస్తాయి. కొన్ని రికార్డుల మీద పేరు లేకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఊరేగింపు మిక్సులు, హక్కుల గీత

అదే పనిని కృష్ణా, గుంటూరు జిల్లాల్లో చిన్న గదుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్న మిక్సర్లు ఏళ్లుగా చేస్తున్నారు. సినిమా పాట పల్లవిని ముక్కలు చేసి, ముందు ఒక నిమిషం తీన్‌మార్ దరువు పెట్టి, మధ్యలో తమ పేరు పలికే గొంతును ఇరికించి, పెళ్లి ఊరేగింపులకు, వినాయక నిమజ్జనాలకు బాక్సులు కట్టేవారికి అందిస్తారు. చికాగో టేపు ఎడిట్‌కు, ఈ మిక్సుకు పుట్టుక ఒక్కటే: వాయించేవాడికి పాట ఉన్నది ఉన్నట్టుగా పనికిరాకపోవడం. ఒకచోట పేరు దాచుకుంటారు, మరొకచోట పాట మధ్యలో అరిపిస్తారు. గిరాకీ పరిచయస్తుల ద్వారా వస్తుందా, ఫోను నంబరు ద్వారా వస్తుందా అన్నదాన్ని బట్టి ఆ తేడా.

చట్టం దగ్గర రెండింటి స్థితి ఒకటే. భారత కాపీరైటు చట్టం 1957 ప్రకారం సౌండ్ రికార్డింగుకు రక్షణ, విడుదలైన తర్వాతి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు. 1986లో విడుదలైన పాట రికార్డింగుకు 2046 చివరి వరకు రక్షణ ఉంటుంది. 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షను ఐదేళ్లు దాటిన పాటను కొత్తగా పాడి రికార్డు చేయడానికి దారి ఇస్తుంది, ముందుగా తెలియజేసి, ఏడాదికి కనీసం 50,000 కాపీల రాయల్టీ కట్టాలి. అసలు రికార్డింగును కోసి అతికించడం దాని కిందికి రాదు. పెళ్లి ఊరేగింపులో, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో పాటలు వాయించడానికి 52వ సెక్షను మినహాయింపు ఇస్తుంది. దాని పరిధి మీద వివాదాలు కోర్టుల దాకా వెళ్లాయి. అయితే ఆ మినహాయింపు వాయించడానికే గాని, మిక్సు తయారు చేసి అమ్మడానికి కాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ల మీద 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల నిషేధం వేరే సంగతి.

ముందున్న మార్పులు

ఆన్‌లైన్ వేదికలు రికార్డింగులను తామే గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ వాడుతున్నందువల్ల, అనుమతి లేని ఎడిట్లకు డిజిటల్ చోటు తగ్గుతోంది. దానివల్ల రెండు పరిణామాలు కనిపిస్తున్నాయి. ఒకటి, అలాంటి ఎడిట్లు తిరిగి వినైల్‌లోకి, చేతి నుంచి చేతికి ఇచ్చే పెన్‌డ్రైవుల్లోకి జారుకోవడం. రెండోది, లేబుళ్లు ముందే అనుమతి తీసుకుని, అసలు మల్టీట్రాక్ టేపు (ఒక్కో వాద్యం, గొంతు విడివిడిగా ఉండేది) సంపాదించి అధికారికంగా రీమిక్సు చేయించడం. రెండో దారిలో కళాకారులకు డబ్బు చేరుతుంది, ధ్వని కూడా మెరుగ్గా ఉంటుంది, కానీ టేపు ఎక్కడుందో తెలిసిన పాటలకే అది సాధ్యం.

హక్కుల విషయంలో పాత హౌస్ కళాకారులు కూడా ఊరుకోవడం లేదు. లారీ హర్డ్, రాబర్ట్ ఓవెన్స్ తమ 1980ల నాటి రికార్డింగుల మీద ట్రాక్స్ లేబుల్‌పై 2020లో దావా వేసి, 2022లో కుదిరిన రాజీలో హక్కులు తిరిగి పొందారు. హక్కులు కళాకారుడి చేతికి వస్తే అదే పాట సరైన మాస్టరింగ్‌తో మళ్లీ విడుదల అయ్యే వీలుంటుంది, అంటే ‘కొత్త విడుదల’ల పట్టికలో పాత పేర్లు మరికొన్ని చేరతాయి.

తెలుగు డిస్కో విషయంలో మొదటి అడుగు లేబుల్ పెట్టడం కంటే ముందే ఉంది. విజయవాడ, గుంటూరు ఇళ్లలో, పాత రేడియో దుకాణాల్లో మిగిలిన 1980ల ఎల్పీలు, ఈపీలు మాస్టర్ టేపు దొరకనప్పుడు పునర్ముద్రణకు ఏకైక ఆధారం కావచ్చు. అలాంటి కాపీ మీద ముద్రించిన కంపెనీ పేరు, క్యాటలాగ్ నంబరు, గాడి చివర గీసిన మ్యాట్రిక్స్ అంకె హక్కుదారును వెతకడానికి మొదటి ఆనవాళ్లు.